ఛార్జి లిస్టులో కనపడని పిల్లలు

ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టర్ మారారంటే ఛార్జి అప్పగింత పెద్ద తతంగం. క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్, బెంచీలు, బీరువాలు, ల్యాబ్ సామాను, మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ, ఆఖరికి తాళాల గుత్తి. ఒక్కొక్కటీ లెక్క చూసుకుని ఇద్దరూ సంతకాలు పెడతారు. ఎనిమిదో తరగతిలో ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలెవరో, ఏ మాస్టారికి ఎక్కడ సాయం కావాలో, మిరప కోతలు మొదలవగానే ఏ వీధి పిల్లలు కనపడకుండా పోతారో మాత్రం ఆ కాగితాల్లో ఉండదు. కొత్తగా వచ్చిన హెచ్ఎం బెంచీలకు మొదటి రోజు నుంచే జవాబుదారీ. ఆ పిల్లల సంగతి తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది.

మన ఆంధ్రప్రదేశ్ బదిలీల నిబంధనల్లో హెడ్మాస్టర్‌కు ఒకే చోట గరిష్ఠంగా ఐదేళ్లు. అందులో మొదటి ఏడాది ఊరూ బడీ అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. చివరి ఏడాది 'ఎలాగూ బదిలీ కౌన్సెలింగ్‌కు వెళ్లాల్సిందే కదా' అన్న ధోరణిలో నడుస్తుంది. ఇక పని జరిగేది మధ్య మూడేళ్లలోనే.

అసలు మనం హెడ్మాస్టర్‌ను ఎలా తయారు చేస్తున్నాం? స్కూల్ అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారికి సీనియారిటీ లిస్టులో పేరు పైకి వస్తుంది. జీఓ (గెజిటెడ్ ఆఫీసర్స్) టెస్ట్, ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్) టెస్ట్ పాసై ఉండాలి. చాలామందికి ఆ ప్రమోషన్ యాభై దాటాకే దక్కుతుంది. ఆ డిపార్ట్‌మెంట్ పరీక్షలు అడిగేది ఖాతాలు, నిబంధనలు, ఆఫీసు విధానం. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. హైస్కూల్ హెచ్ఎం డీడీఓ కూడా, అంటే బిల్లులు పెట్టి జీతాలు డ్రా చేసే అధికారి. జీతాల బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే స్టాఫ్ రూమ్‌లో ఆయన మొహం చూసేవాళ్లు ఉండరు. కానీ సాటి టీచర్ క్లాసు చూసి ఏం చెప్పాలి, ఇద్దరు మాస్టార్ల మధ్య మాటల్లేకపోతే టైమ్ టేబుల్ ఎలా వేయాలి అన్నవి ఏ పరీక్షలోనూ రావు. ప్రాథమిక పాఠశాలల్లో పరిస్థితి ఇంకా విచిత్రం. విద్యాహక్కు చట్టం ప్రకారం నూట యాభై మంది పిల్లలు దాటితేనే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుడు. అంతకన్నా చిన్న బడుల్లో చాలాచోట్ల ఒక ఎస్జీటీయే (సెకండరీ గ్రేడ్ టీచర్) ఇన్‌ఛార్జి, ఆయనే రెండు మూడు తరగతుల మాస్టారు, ఆయనే గుమాస్తా.

శిక్షణ లేదా అంటే, కాగితం మీద ఉంది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ నీపాలో పాఠశాల నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రమే ఉంది. 2019లో నిష్ఠా పేరుతో టీచర్లతో పాటు హెడ్మాస్టర్లకూ శిక్షణ మొదలై, కరోనా రాగానే ఆన్‌లైన్ పాఠాల దీక్షా యాప్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంది. అయితే ఆన్‌లైన్ కోర్సు ఎలా పూర్తవుతుందో తెలియనిదెవరికి? ఒక పక్క ఫోన్‌లో వీడియో దానిపాటికది నడుస్తుంటుంది, ఇంకో పక్క భోజనం లెక్కలు రాస్తుంటారు. సర్టిఫికెట్ మాత్రం ఠంచనుగా వస్తుంది.

నా లెక్కలో హెడ్మాస్టర్ నిజంగా ఎదిగేది క్లాసు గదిలో, అదీ ఆఖరి బెంచీ మీద. సాధారణంగా జరిగేదేమిటంటే, హెచ్ఎం వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు, పిల్లలు లేచి నమస్కారం పెడతారు, మాస్టారి గొంతు కాస్త పెరుగుతుంది, పది నిమిషాల తర్వాత రిజిస్టర్‌లో 'బాగుంది, ఇలాగే కొనసాగించండి' అని రాసేస్తారు. అదే హెచ్ఎం ఆఖరి బెంచీలో ఒక కుర్రాడి పక్కన కూర్చుని, మాస్టారిని వదిలేసి ఆ కుర్రాడి నోట్సు చూశారనుకోండి. లెక్క బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దిగింది, అంకెలన్నీ కరెక్టే. పేజీ తిప్పి అదే లెక్కలో ఒక సంఖ్య మార్చి ఇస్తే వాడు పెన్ను కొరుకుతూ కూర్చుంటాడు. ఇప్పుడు హెచ్ఎం దగ్గర మాట్లాడటానికి ఒక విషయం ఉంది. సాయంత్రం ఆ మాస్టారితో 'మీ బోధన సరిగా లేదు' అనక్కర్లేదు. 'బోర్డు చెరిపేశాక చేయగలిగినవాళ్లు ఎందరుంటారంటారు మాస్టారూ?' అని అడిగితే చాలు. అది తనిఖీ అనిపించదు. ఒకప్పుడు ఇద్దరూ లెక్కలు చెప్పినవాళ్లే అయితే ఆ కబురు అరగంట సాగుతుంది. ఈ ఒక్కటి చేతనైన హెచ్ఎం ఉన్న బడిలో స్టాఫ్ మీటింగుల తీరే వేరుగా ఉంటుంది.

తల్లిదండ్రుల విషయంలోనూ ఇలాంటి నేర్పే కావాలి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, బడులు కళకళలాడాయి. మామూలు నెలల్లో మాత్రం పేరెంట్స్ కమిటీ మీటింగ్ పదకొండింటికి పెడతారు. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పనికి వెళ్లే తండ్రికి, గుంటూరు యార్డులో మిర్చి తొడిమలు తీసే తల్లికి పదకొండు అంటే కూలి పోవడం. రాలేదని వాళ్లను తిట్టుకునే హెచ్ఎంలు ఉన్నారు, టైము మార్చి చూసిన హెచ్ఎంలూ ఉన్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ తేడా ఇంకా తేటగా తెలిసేది. పుస్తకాలు, యూనిఫాం నీళ్లపాలైన పిల్లవాడు ఏ బంధువుల ఇంట్లో ఉన్నాడో కనుక్కోవాలంటే ఇళ్లతో అంతకుముందే పరిచయం ఉండాలి. నీళ్లు వచ్చాక పెంచుకునే పరిచయం కాదది.

వీటన్నిటికీ టైమెక్కడిదని ఏ హెచ్ఎం అయినా అడుగుతారు, న్యాయంగానే. ముఖ హాజరు, మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం ఎంట్రీలు, బడి వివరాల యూడైస్, పిల్లల ఐడీల అపార్. యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటి చేశారు, మంచిదే. కానీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో హెచ్ఎంల మీటింగ్ అంటే ఇప్పటికీ ఎవరి డేటా పెండింగ్ ఉందో పేర్లు చదవడమే. పెండింగ్ లిస్టు వాట్సాప్ గ్రూపులో ఎలాగూ పడుతుంది, దాన్ని మళ్లీ చదవడానికి అందరినీ పిలిపించడం ఎందుకు? ఆ పూటంతా ఒక బడిలో గడిపి, నలుగురు హెచ్ఎంలు రెండేసి క్లాసులు చూసి, కూర్చుని మాట్లాడుకుంటే అంతకు మించిన శిక్షణ లేదు. విజయవాడ, గుంటూరు నగరాల్లో మున్సిపల్ హైస్కూళ్లు చాలావరకు ఆటో దూరంలోనే ఉంటాయి. టీఏ (ప్రయాణ భత్యం) బిల్లుల గొడవ కూడా పెద్దగా ఉండదు.

రెండో పని ఇంకా సులువు. బదిలీ అయ్యే హెచ్ఎం ఛార్జి లిస్టుకు రెండు పేజీలు జత చేయాలి. చదవడం రాని పిల్లల పేర్లు, వలస వెళ్లే కుటుంబాలు, సగంలో ఉన్న పనులు. సాటి టీచర్ల మీద వ్యాఖ్యలు మాత్రం రాయకూడదు. మన దగ్గర కాగితం ఎవరి చేతికి ఎలా చేరుతుందో అందరికీ తెలిసిందే. ఆ మాటలు ఫోన్‌లో చెప్పుకోవచ్చు.

హెచ్ఎం వేరే బడికి వెళ్లిన పూట ఇక్కడ ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న వస్తుంది. సీనియర్ అసిస్టెంట్ చూసుకుంటారు. నెలకో పూట బడి మొత్తం ఆ మనిషి చేతుల్లో ఉంటే నష్టమేమీ లేదు, ప్రమోషన్ లిస్టులో ముందున్న పేర్లలో చాలాసార్లు ఆ పేరూ ఒకటి.