ఊరి ఓటా, హాస్టల్ ఓటా: అన్నాచెల్లెళ్ల వాదోపవాదం

బెంగళూరులో చదువుకునే మన తెలుగు పిల్లల్ని "నీ ఓటెక్కడ?" అని అడిగితే చాలామంది ఊరి పేరే చెబుతారు. "పోయిన ఎన్నికల్లో వేశావా?" అంటే మాత్రం నీళ్లు నములుతారు. ఈ వాదన పుట్టింది అక్కడే.

చెల్లి యలహంక వైపు ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. అన్న ఆమె పెదనాయన కొడుకు. మారతహళ్లిలో సొంత ఫ్లాటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరిదీ ప్రొద్దుటూరు దగ్గర ఒకటే ఊరు. ఓటు బెంగళూరుకు మార్చుకుంటానని చెల్లి అంది. అన్నకది మింగుడు పడలేదు. నేను చెల్లి పక్షమే. అయినా అన్న మాటలు తీసిపారేసేవి కావు, వాటి బలం తగ్గించకుండానే రాస్తున్నాను.

అన్న: నాలుగేళ్ల చదువుకు వచ్చినావు పాపా. చదువైపోతే పూణేలో పడతావో, పై చదువులకని ఇంకెక్కడికి పోతావో నీకే తెలీదు. ఇక్కడి ఎమ్మెల్యేకు నువ్వు ఓటేసి పోతావు, ఐదేళ్లు ఆయన్ను భరించేది ఇక్కడివాళ్లు. న్యాయమేనా?

చెల్లి: మరి ఊరి ఎమ్మెల్యేను భరించేది నేనా? ఇంటర్‌లో హాస్టల్‌కు వచ్చినప్పటి నుంచి సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ తప్ప ఊళ్లో ఉండింది లేదు.

అన్న: మీ అమ్మానాయన భరిస్తారు గదా. వాళ్ల కాలువ నీళ్లు, వాళ్ల ఆస్పత్రి, వాళ్ల రోడ్డు. అవి నీవి కావా?

చెల్లి: వాళ్ల ఓట్లు వాళ్లకున్నాయి. నా ఓటు కూడా వాళ్లకిస్తే వాళ్లకు మూడైతాయి, నాకు ఒకటీ ఉండదు.

అన్న: అట్ల మాట్లాడొద్దు. చట్టం కూడా నా పక్కనే ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, 20వ సెక్షన్. ఊరు వదిలి తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా పోడని రాసినారు.

చెల్లి: అది 1ఎ. దానికి ముందే ఒకటో ఉపసెక్షన్ ఉంది, అది వదిలేసినావు. ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో అక్కడి నివాసి అయిపోడని అందులో ఉంది. రెండూ కలిపి చదవాల్సిందే. విద్యార్థుల సంగతి ఎన్నికల సంఘం విడిగా చెప్పింది. హాస్టల్లోనో మెస్సులోనో ఉండి చదివేవాళ్లు ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర నమోదు కావొచ్చు, లేదంటే హాస్టల్ చిరునామాతో కావొచ్చు. రెండిట్లో ఏదో ఒకటే. కోర్సుకు గుర్తింపు ఉండాలి, ఏడాదికి తక్కువ ఉండకూడదు, అక్కడ చదువుతున్నట్టు ప్రిన్సిపాలో రిజిస్ట్రారో సంతకం పెట్టిన బోనఫైడ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నాది నాలుగేళ్ల కోర్సు.

అన్న: కావొచ్చు అన్నారు, కావాలి అనలేదు. చదువైపోయినాక ఇక్కడ ఉంటావా లేదా, ముందు అది చెప్పు.

చెల్లి: ఇదే ప్రశ్న అమెరికాలో ఒక అధికారి కాగితం మీద అచ్చేసి విద్యార్థుల చేతిలో పెట్టినాడన్నా. టెక్సస్‌లో వాలర్ కౌంటీ అని ఉంది. అక్కడ ప్రెయిరీ వ్యూ అనే యూనివర్సిటీ, ఎక్కువ మంది నల్లజాతి పిల్లలే. 1971లో వాళ్ల రాజ్యాంగం 26వ సవరణతో వాళ్లకు 18కే ఓటొచ్చింది. ఓటరుగా నమోదుకు పోతే, నీకిక్కడ ఆస్తి ఉందా, చదువైనాక ఇక్కడే ఉంటావా అని ఆరా తీసేవాళ్లు. మిగతా జనాన్ని అట్ల అడిగేవాళ్లు కాదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ పద్ధతి చెల్లదని కింది కోర్టు ఇచ్చిన తీర్పును 1979లో ఖాయం చేసినారు. నీ ఫ్లాటు పక్కనోళ్లను అడుగు, వచ్చే ఏడు ఎక్కడుంటారో వాళ్లకు తెలుసా? మారతహళ్లిలో సగం మంది కంపెనీ విదేశానికి పంపే ఆన్‌సైట్ ఛాన్సు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లే గదా.

(ఈ ప్రశ్న విద్యార్థిని మాత్రమే అడగడం నాకూ ఎప్పుడూ అన్యాయంగానే తోచింది. బదిలీల మీద తిరిగే బ్యాంకు ఉద్యోగిని "మూడేళ్లకు పోతావు గదా, నీకు ఇక్కడ ఓటెందుకు" అని ఎవరూ అనరు.)

అన్న: అమెరికా సంగతి పక్కన పెట్టు. మా నాయన తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు, 1989 నవంబరులో మొదటిసారి ఓటేసినాడు. అప్పటిదాకా 21 నిండితే తప్ప ఓటు లేదు. రాజ్యాంగం 61వ సవరణతో 18కి దించినారు, ఆ మార్చి 28న అమల్లోకి వచ్చింది. ఆ ఎన్నికల్లో పార్లమెంటుకూ అసెంబ్లీకీ కలిపి ఓటు. బస్సులో నిలబడి వచ్చి వేసి, మళ్లీ నిలబడి పోయినాడంట. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి నువ్వు. ఓటంటే ఇంటికి రావడమే వాళ్లకు.

చెల్లి: పెదనాయన మాట నాకూ ఇష్టమే. కానీ ఆయనకు ముందు తరం సంగతి చూడు. 1966లో విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కిన వాళ్లలో విద్యార్థులే ముందున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగినాయి. ఆ తర్వాత నాలుగు నెలలు కూడా తిరక్కముందే, 1967 ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు. ఆ గుంపులో 21 నిండని వాళ్లెవరికీ ఓటు లేదు. అటు మద్రాసులో 1965 హిందీ వ్యతిరేక ఉద్యమమూ విద్యార్థులదే. ఆ విద్యార్థి నాయకుల్లో ఒకాయన, పి. శ్రీనివాసన్, 1967లో విరుదునగర్‌లో మాజీ ముఖ్యమంత్రి కామరాజ్‌నే ఓడించినాడు. ఆయన వెనక జెండాలు పట్టిన డిగ్రీ పిల్లల్లో ఎంతమంది ఆయనకు ఓటేయగలిగి ఉంటారు?

అన్న: అందుకే గదా 18కి దించింది.

చెల్లి: వయసు దించినారు, సరే. 21 ఉన్నన్నాళ్లూ డిగ్రీ ముగిసేదాకా ఓటే వచ్చేది కాదు, కాబట్టి హాస్టల్ ఓటా ఊరి ఓటా అనే తగువు పెద్దగా లేదు. 18కి వచ్చినాక ఓటు సరిగ్గా ఇల్లు వదిలిపెట్టే ఏటనే చేతికొస్తోంది. పేరు ఊళ్లో, మనిషి హాస్టల్లో. 2024లో నాకేమైందో చెప్తా విను. ఏప్రిల్ 26, శుక్రవారం, బెంగళూరులో పోలింగ్. కాలేజీకి సెలవు. మెస్సులో ఉప్మా తిని గదిలో పడుకున్నా, నాకిక్కడ ఓటు లేదు. మే 13, సోమవారం, మన దగ్గర పోలింగ్. ఆ రోజు నాకు ల్యాబ్ ఎగ్జామ్. ఓటున్న రోజు సెలవు లేదు, సెలవున్న రోజు ఓటు లేదు.

అన్న: నేను వచ్చినా గదా. శనివారం రాత్రి బస్సెక్కి పోయినా, సోమవారం ఓటేసి అదే రాత్రి తిరిగి వచ్చినా.

చెల్లి: నీకు లీవుంది, టికెట్‌కు పండగ రేటు పెట్టే జీతముంది. సైనికులకు పోస్టులో ఓటుంది. 85 దాటిన వాళ్లకు ఇంటికొచ్చి వేయించుకుంటున్నారు. ఇంకో రాష్ట్రంలో చదివే పిల్లకు ఏముంది? 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ఒక యంత్రం నమూనా ఉందని ప్రకటించింది, ఒక బూత్ నుంచే 72 నియోజకవర్గాల దాకా ఓట్లు వేయొచ్చని. మరుసటి నెల పార్టీలను పిలిచినారు, ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. ఇంతవరకు అది ఏ ఎన్నికలోనూ వాడింది లేదు. అది వచ్చేదాకా నన్ను ఆగమంటావా?

అన్న: సరే, ఇక్కడి సంగతికి రా. బెంగళూరు దక్షిణంలో 2024లో పోలైంది నూటికి 53. మన రాష్ట్రంలో 80 దాటింది. ఓటంటే లెక్కలేని ఊళ్లో ఓటు పెట్టుకుని ఏం బాగుపడతావు?

చెల్లి: ఆ మిగతా 47లో నీలాంటి వాళ్లు లేరంటావా? ఇల్లు ఖాళీ చేసి పోయినా పేరు మాత్రం అట్లే ఉన్నవాళ్లు? మనిషొక చోట, పేరొక చోట ఉంటే ఏ ఊరి శాతమైనా పడిపోతుంది.

అన్న: మన ఊరి బూత్ ఎట్లుంటుందో నీకు తెలీదు, వేయలేదు కాబట్టి. బడిలో రెండో గది. లోపలికి పోతానే ఇద్దరు ఏజెంట్లూ తలెత్తి, పేరడగకుండానే ఇంటిపేరు చెప్పి, "ఫలానా ఆయన పెద్ద మనవడు" అని జాబితాలో గీత పెడతారు. వరసలో ముసలోళ్లు పలకరిస్తారు, పెళ్లెప్పుడని అడుగుతారు. ఇక్కడ నిన్నెవరు గుర్తుపడతారు?

చెల్లి: ఎవరూ గుర్తుపట్టరు. నాకు కావాల్సిందీ అదే. ఊళ్లో ఏ ఇంటి ఓట్లు ఎటో ముందురోజు రాత్రే లెక్క తేలి ఉంటుంది. ఎవరికేయాలో అన్నాల దగ్గర మగవాళ్లు చెప్తారు, అమ్మ తలూపుతుంది. పోయినసారి ఊరి వాట్సాప్ గ్రూపులో బెంగళూరు నుంచి వచ్చేవాళ్ల పేర్లు రాసుకుని బస్సు మాట్లాడినారు, గుర్తుందా? టికెట్ డబ్బులు ఫోన్‌పే చేసినారు. అభ్యర్థి తరఫున బండి పెట్టి ఓటర్లను ఊరికే తీసుకపోవడం 1951 చట్టంలో 123(5) కింద అవినీతి చర్య. మన ఊళ్లో దాన్ని మర్యాద అంటారు.

అన్న: నేను ఆ బస్సెక్కలేదు.

చెల్లి: నువ్వు ఎక్కలేదు. ఎక్కిన వాళ్లంతా నా వయసు పిల్లలు. డబ్బుల్లేక ఎక్కినారు.

ఇక్కడ అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎత్తుకున్న మాటకు నిజంగా బరువుంది. నా దగ్గరా దానికి పూర్తి జవాబు లేదు.

అన్న: ఎంపీ, ఎమ్మెల్యే సంగతి వదిలేయ్. సర్పంచి సంగతేంది? పంచాయతీ జాబితా తయారయ్యేది అసెంబ్లీ జాబితా నుంచే. అక్కడ పేరు తీసేస్తే సర్పంచి ఓటు, వార్డు మెంబరు ఓటు, ఎంపీటీసీ ఓటు అన్నీ పోతాయి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు చూసినాం గదా, ఒక్కో ఓటు కోసం ఎట్ల తిరిగినారో. మన వీధి కాలువ తీయాలన్నా, మంచినీళ్ల మోటరు కాలిపోయినా అడిగేది సర్పంచినే. మరి ఇక్కడ నీకు దొరికేదేంది? 2015 ఆగస్టులో గెలిచిన కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులో అయిపోయింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు అధికారులే నడిపినారు. 2025లో బెంగళూరు నగరపాలిక బీబీఎంపీనే తీసేసి ఐదు కార్పొరేషన్లు చేసినారు. నువ్వు కళ్లెదుట ఉన్న సర్పంచిని వదులుకుని, అన్నేళ్లు కార్పొరేటరే లేని ఊరికి వస్తానంటున్నావు.

చెల్లి: అది నష్టమే, కాదనను. సర్పంచి ఓటు పోతోందంటే నాకూ కష్టంగానే ఉంది. కానీ ఇంతమంది ఉన్న ఊళ్లో ఏళ్ల తరబడి కార్పొరేటర్లు లేకపోతే గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది? మనలాంటి వాళ్లు లక్షల్లో ఉన్నాం. మనకిక్కడ ఓటు లేదని వాళ్లకూ తెలుసు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి మా హాస్టల్లో నీళ్లు లేవు. మనిషికి రెండు బకెట్లని గోడకు కాగితం అంటించినారు. ట్యాంకరు వచ్చే టైముకు లైన్లో ఉండకపోతే ఆ రెండూ లేవు. మరుసటి నెలే పోలింగ్. ఓట్లు అడగను ఒక్క పార్టీవాళ్లయినా మా హాస్టల్ గేటు దాకా రాలేదు. ఎందుకొస్తారన్నా? లోపల నాలుగు వందల మంది ఉన్నా ఓటరు ఒక్కరూ లేరు గదా.

అన్న: హాస్టల్ పిల్లలు ఓటేస్తే నీళ్లు వస్తాయా?

చెల్లి: వస్తాయని నేననలేదు. గేటు దాకా వస్తారు, అప్పుడు అడగొచ్చు. ఇంకో భయం కూడా ఉంది నాకు. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా సవరించినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయినాయి. చనిపోయిన వాళ్లు కొందరు. ఊరొదిలి పోయినారని, ఇంటి దగ్గర కనబడలేదని తీసేసిన వాళ్లు ఇంకా ఎక్కువ. రేపు మన ఊళ్లో ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి బీఎల్‌ఓ తలుపు కొట్టి "ఈ పాప యాడుంది?" అంటే అమ్మ అబద్ధం చెప్పదు, బెంగళూరులో ఉందంటుంది. ఊళ్లో పేరు పోయి, ఇక్కడా లేకపోతే?

అన్న: చదువుకు పోయింది, వస్తుందని చెప్తుంది. చట్టం ఒప్పుకుంటుంది.

చెల్లి: నా విషయంలో ఒప్పుకుంటుంది. నీ విషయంలో?

అన్న: నాకేమైంది?

చెల్లి: నువ్వు తాత్కాలికంగా పోయినావా? ఇక్కడ ఫ్లాటు కొన్నావు, పిల్లోడిని బడిలో చేర్చినావు, వదినది ఇక్కడే ఉద్యోగం. ఊరిల్లు పేరు మీద ఉన్నంత మాత్రాన నివాసి కాడని ఇందాకే చెప్పుకున్నాం. రెండిట్లో ఏదైనా ఎంచుకోవచ్చని ఎన్నికల సంఘం చెప్పింది నాలాంటి హాస్టల్ వాళ్లకు. నీకు ఆ మాట చెప్పలేదన్నా.

అన్న: అమ్మానాయన ఉన్నన్నాళ్లూ నా ఓటు ఆడనే పాపా. అది తీసేస్తే నేను ఊరోడిని కాదని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు ఉంటుంది. ఏడాదికోసారి వచ్చేది దానికోసమే అనుకో.

చెల్లి: ఓటు లేకపోతే పెద్దమ్మను చూడను రావా?

అన్న: వస్తా. ఎందుకు రాను.

చెల్లి: మరింకేం?

అన్న: నీ సంగతి తేల్చు ముందు. మారిస్తే సక్రమంగా మార్చు. కొత్త ఓటరని ఫారం 6 నింపొద్దు, నీ పేరు ఇప్పటికే జాబితాలో ఉంది. ఫారం 8లో చిరునామా మార్పు దగ్గర టిక్ పెట్టు. బోనఫైడ్ మీద హాస్టల్ పేరు, గది నంబరు రాయించుకో, బీఎల్‌ఓ వచ్చినప్పుడు వాచ్‌మన్‌ను అడుగుతాడు. ఊరి జాబితాలో పేరు తీసినారా లేదా అని మళ్లీ చూసుకో. రెండు చోట్ల ఉండకూడదు. అబద్ధం రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు, 1950 చట్టం 31వ సెక్షన్.

చెల్లి: ఇన్ని తెలిసీ నువ్వెందుకు నింపలేదన్నా?

అన్న: మీ పెద్దమ్మకు ఎట్ల చెప్పాలో తెలీక.

చెల్లి: పెద్దమ్మకు నేను చెప్తాలే. నీ ఫ్లాటు కరెంటు బిల్లు యాడుందో తీసుకురా.