సవరణ: బ్రెజిల్ నెలోర్ పాల జాతి కాదు

మొన్నటి పోస్టులో, బ్రెజిల్ వాళ్లు మన ఒంగోలు ఆవుల్ని తీసుకెళ్లి పాల దిగుబడి పెంచుకున్నారని రాశాను. అది తప్పు, సరిచేస్తున్నాను. 19వ శతాబ్దంలోనే మన పశువులు అక్కడికి చేరాయి, నెల్లూరు పేరుతోనే అక్కడ 'నెలోర్' అయ్యాయి, కానీ వాళ్లు తరతరాలుగా ఏరుకుంటూ వచ్చింది త్వరగా బరువు పెరిగే వాటిని, అంటే మాంసం కోసం. పాలకి వాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది గుజరాత్ గిర్ జాతిని.

ఇంకోటి, మన ఆవుని విదేశీ పాల జాతి జెర్సీ ఆబోతుతో దాటిస్తే అంతా లాభమే అన్నట్టు రాశాను. పాలు పెరిగేది నిజమే. మా ఇంట్లో పుట్టిన సంకర దూడకి మూపురం సరిగ్గా లేదు, పెద్దయ్యాక కాడి కడితే నిలవక మెడ మీద జారి పుండు పడింది, మే నెల ఎండలో నాలుక బయటపెట్టి రొప్పేది. పక్కనే ఒంగోలు గిత్త తాపీగా నెమరేసుకుంటూ ఉండేది.

ఒక గుణం కోసమే ఏరితే మిగతావి జారిపోతాయి, ఒకే ఆబోతు వీర్యం ఊరంతా వాడితే దగ్గర రక్తం కలిసి దూడలు బలహీనపడే ప్రమాదమూ ఉంది. ఆవుకి చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించేటప్పుడు ఆ వీర్యం ఏ ఆబోతుదో తప్పకుండా అడిగి రాసిపెట్టుకోండి.