లక్క రికార్డులకి స్పిరిట్ వద్దండీ

బూజు పట్టిన పాత జాజ్ రికార్డులన్నిటినీ స్పిరిట్‌తో తుడవమని వ్యాసంలో రాశారు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం) రికార్డుల మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి. వాటిలో చాలావరకు లక్క కలిపి చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. 1920ల్లో వచ్చిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒరిజినల్స్ అన్నీ ఈ రకమే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మెత్తటి బ్రష్‌ని రికార్డు మీది గీత వెంబడే గుండ్రంగా నడపాలి, అడ్డంగా రుద్దితే చారలు పడతాయి. లేబుల్ తడవకూడదు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఫ్యాను గాలికి నిలబెట్టి ఆరనివ్వాలి. ఎండలో పెట్టారో, మన నెల్లూరు ఎండకి ఎల్పీ (తర్వాత వచ్చిన వినైల్ రికార్డు) కూడా అప్పడమే!

రికార్డు గీతలో నడిచే ముల్లు సంగతి వ్యాసంలో అసలు లేదు. 78కి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీకి వాడే 0.7 మిల్ ముల్లు పెడితే గీత అడుగున కొట్టుకుంటూ గరగరమంటుంది, ట్రంపెట్ శబ్దం వెనక్కి పోతుంది.

బూజుకి అసలు కారణం కావలి, నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు వానల తేమ. బిగుతైన ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, బీరువాని గోడకి ఆనించకండి. బీరువాలో పెట్టే, తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే పొట్లం మార్చాలి.