మారు వడ్డన ఖరీదు

హైదరాబాద్‌లో కాస్త పాతబడ్డ వెజ్ హోటల్‌కి వెళ్తే క్యాష్ కౌంటర్ వెనక గోడ మీద కొన్ని బోర్డులు కనిపిస్తాయి. ‘ఒక మీల్స్ ఇద్దరు పంచుకోరాదు’, ‘పార్శిల్‌కు అన్‌లిమిటెడ్ వర్తించదు’ లాంటివి. కొత్తగా పెట్టిన హోటళ్లలో చాలావాటికి ఈ బోర్డులతో పనే లేదు. అక్కడ అన్‌లిమిటెడ్ మీల్సే ఉండదు మరి. ఉండేది మినీ మీల్స్: గుంటల ప్లేటులో గుప్పెడు అన్నం, ఒక చపాతీ, బుల్లి గిన్నెల్లో పప్పు, కూర, సాంబారు, పెరుగు, మూలన ఓ గులాబ్ జామూన్. ఇంకాస్త అన్నం అడిగితే బిల్లులో ఇంకో లైను చేరుతుంది.

నగరంలో శాకాహార హోటళ్లకు కొదవేమీ లేదు. నెయ్యి కారం దోశ కోసం, పొడి ఇడ్లీ కోసం పొద్దున్నే టోకెన్ పట్టుకుని నిలబడే జనాన్ని రోజూ చూస్తున్నాం. తగ్గిపోతున్నది మాత్రం మామూలు జీతగాడు మధ్యాహ్నం పూట కూర్చుని, పప్పన్నం రెండోసారి పెట్టించుకుని, చారు, పెరుగుతో ముగించే చోటు. ఎందుకిలా అంటే అందరూ సరుకుల ధరల మీదకు నెట్టేస్తారు. నాకు ఆ వాదన సగమే నిజమనిపిస్తుంది.

కందిపప్పు, నూనె మండిపోతున్న మాట వాస్తవమే. కానీ మారు అడిగేవాళ్లు ఎక్కువగా అడిగేది అన్నం, సాంబారు, చారు. వంటింట్లో అన్నిటికంటే చవగ్గా తయారయ్యేవి అవే. పైగా బాగా తినేవాళ్లు ఒకరుంటే, షుగర్ అనో డైట్ అనో సగం వదిలేసేవాళ్లు ఇద్దరుంటారు. అన్‌లిమిటెడ్ లెక్క ఎప్పుడూ సగటు మీదే నడుస్తుంది. హోటల్‌కు అసలు భారం బల్ల. దోశ తినడం పావుగంట పని. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్న వరస పూర్తవ్వాలంటే అరగంట దాటుతుంది. అంతసేపూ బకెట్టు, గరిటె పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి ఉండాలి. మాదాపూర్ అద్దెల్లో ఆ అరగంటకూ, ఆ మనిషికీ ధర కట్టి చూస్తే గరిటెడు అన్నం ఏపాటి?

దీనికి తోడు పన్నుల మెలిక ఒకటుంది. 2017 నవంబర్‌లో రెస్టారెంట్ల మీద జీఎస్టీని 5 శాతానికి దించారు. అంతకుముందు ఏసీ ఉంటే 18, లేకపోతే 12 ఉండేది. బిల్లు చూసి సంతోషించాం గానీ, అదే నిర్ణయంతో హోటళ్లకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే తాము కొన్నవాటి మీద కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు, పోయింది. అంటే అద్దెతో పాటు కట్టే 18 శాతం జీఎస్టీ తిరిగి రాదు, నేరుగా ఖర్చులో కలిసిపోతుంది. లక్ష అద్దెకు పద్దెనిమిది వేలు. ఈ దెబ్బ ఎక్కువ తగిలేది ఎక్కువ జాగా కావలసినవాడికే, అంటే నలభై మందిని కూర్చోబెట్టి భోజనం పెట్టేవాడికే. పది అడుగుల కౌంటర్ పెట్టుకున్నవాడికి ఇది అంత సమస్య కాదు.

బెంగళూరు ఈ చిక్కును ఎప్పుడో వేరే దారిలో తప్పించుకుంది. 1983లో జయనగర్‌లో కెఫే దర్శిని అనే హోటల్ వచ్చింది. కుర్చీలు తీసేశారు, సప్లయర్లు లేరు, నీ ప్లేటు నువ్వే తెచ్చుకుని నిలబడి తినాలి. వంట కళ్లెదుటే జరుగుతుంది. ఆదా అయిన డబ్బు తినేవాళ్లకు ధరలో కనిపించింది కాబట్టే ఆ పద్ధతి ఊరంతా పాకింది. ఇప్పుడు అదే నమూనా బ్రాండ్ల రూపంలో మన దగ్గరికొచ్చింది గానీ, ఆ ఆదా మాత్రం రాలేదు. నిలబడే తింటున్నాం, కుర్చీ డబ్బులూ కడుతున్నాం. అయినా దర్శిని భోజనానికి మందు కాదు. నిలబడి దోశ తినొచ్చు, చారన్నం కలుపుకోవడం కష్టం.

అద్దె ఒక్కటే కాదు, రోజూ వచ్చే మనిషి కూడా తప్పుకున్నాడు. ఉడుపి వాళ్ల బోర్డింగులైనా, మన మెస్సులైనా బతికింది కుటుంబాన్ని సొంతూళ్లో వదిలి నగరంలో ఒంటరిగా ఉద్యోగం చేసుకునేవాళ్ల మీద. నెల కూపన్ల పుస్తకం కొని రోజూ రెండు పూటలా వచ్చేవాళ్లు. ఆ కుర్రాళ్లు ఇప్పుడు అమీర్‌పేట, మాదాపూర్ పీజీ హాస్టళ్లలో ఉంటున్నారు. అద్దెలోనే తిండి కలిపేశారు, అది ఎలా ఉన్నా సరే. పెద్ద కంపెనీల ఉద్యోగులకు లోపలే క్యాంటీన్. మిగిలిన బేరం యాప్‌లది. డెలివరీ డబ్బాలో మారు ఉండదు. కొలత పెట్టి నింపడం అలవాటైన వంటిల్లు, హాల్లో కూర్చున్నవాళ్లకూ అదే కొలత పెడుతోంది.

ధరల్లో అన్నిటికంటే అడుగున జీహెచ్ఎంసీ 5 రూపాయల భోజనం ఉంది. 2014లో మొదలై, ప్రభుత్వాలు మారినా నిలబడింది, మంచి పనే. పైన అరిటాకు భోజనాలు ఉన్నాయి. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ శాఖల్లో వద్దంటున్నా వడ్డిస్తారు. మారు వడ్డన అక్కడ బాగానే బతికింది, కానీ ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లి ఫొటోలు దిగే వేడుకగా బతికింది. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు, మీటింగుల టెన్షన్‌లో ఆకలేసిన గుమాస్తాకు అది దారి కాదు.

ముంబై మాటుంగాలో రామ నాయక్ 1942లో పెట్టిన ఉడుపి శ్రీకృష్ణ బోర్డింగ్ ఇప్పటికీ రోజువారీ భోజనం పెడుతోంది. అది ఉన్నది రైల్వే స్టేషన్ పక్కన, మున్సిపల్ మార్కెట్ భవనం మొదటి అంతస్తులో. ఈ వివరం హైదరాబాద్‌కు పనికొస్తుంది. ఇక్కడా మున్సిపల్ మార్కెట్లున్నాయి, మెట్రో స్టేషన్ల కింద దుకాణాల జాగా ఉంది. అందులో కొంత భాగాన్ని, మారు వడ్డనతో, ఒప్పుకున్న ధరకు భోజనం పెట్టే హోటళ్లకు తక్కువ అద్దెకివ్వొచ్చు. అద్దె మీద కట్టిన జీఎస్టీ వరకైనా క్రెడిట్ ఇమ్మని రాష్ట్రం జీఎస్టీ కౌన్సిల్‌లో అడగొచ్చు. వేలంలో ఎక్కువ పాడినవాడికే జాగా అంటే మాత్రం అక్కడ ఇంకో మొబైల్ షాపు వెలుస్తుంది.