జస్ట్ ఇన్ టైమ్ గారికి, ఆగిన లైను దగ్గర్నుంచి

మహారాజశ్రీ జస్ట్ ఇన్ టైమ్ గారి సముఖానికి,

ఇవాళ మధ్యాహ్నమంతా మా ఫ్యాక్టరీ లైను, సరుకు నిల్వ పెట్టకుండా సరిగ్గా అవసరమైన వేళకే తెప్పించుకోమనే తమరి సేవలో చేతులు కట్టుకుని నిలబడిందని సవినయంగా మనవి చేస్తున్నాను. కావలసింది నూనె కారకుండా ఆపే ఒక్క ఆయిల్ సీల్. నిరుడు దాకా స్టోర్స్‌లో డబ్బా నిండా ఉండేవి. తమరి భక్తులొచ్చి ఇన్వెంటరీ, అంటే సరుకు నిల్వ, మహాపాపమని ఉపన్యాసమిచ్చి, ర్యాకులు ఖాళీ చేయించి, వాటి ముందు ఫొటో దిగి వెళ్లారు.

ట్రాకింగ్‌లో సీలు 'దారిలో ఉంది'. నిన్నా దారిలోనే ఉంది. కంపెనీ లెక్కలన్నీ చూసే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీని అడిగితే మా ర్యాకులోనే ఉందంటుంది. దానితో వాదించే ఓపిక నాకు లేదు.

తమరు టయోటాలో, అక్కడి ఇంజినీరు తైచి ఓనో గారి చేతుల మీదుగా పెరిగారు. అక్కడ సరఫరాదారులు చాలామంది దగ్గర్లోనే ఉంటారు. ఉత్పత్తి ప్రణాళిక పూటకోలా మారదు. ఫలానా సరుకు కావాలని చెప్పే చీటీ, కాన్‌బాన్ కార్డు, కదిలితేనే సరుకు కదులుతుంది. మావాళ్లు వీటిలో ఒక్కటీ తేలేదు. స్టాకు పెట్టొద్దన్న ముక్క మాత్రం తెచ్చారు. గిరాకీ ఎప్పుడు పెరుగుతుందో, సరుకు ఎన్నాళ్లు ఆలస్యమవుతుందో తెలియదు కాబట్టే కదండీ సేఫ్టీ స్టాక్? లీడ్ టైమ్ (ఆర్డరిచ్చాక సరుకు చేరే వ్యవధి) వారాల్లో ఉన్న వస్తువుకి దాన్ని సున్నా చేసిన మేధావి ఎవరు?

1997 ఫిబ్రవరి 1న టయోటా సరఫరాదారు ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా బ్రేకుల్లో ఒత్తిడిని అదుపు చేసే పి-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి, నిల్వ చూస్తే అంతంతమాత్రం. జపాన్‌లో టయోటా లైన్లు ఆగిపోయాయి. అప్పుడు ఎన్నో కంపెనీలు, కుట్టుమిషన్లు చేసేవాళ్లతో సహా, సొంత పనులు మానుకుని ఆ వాల్వులు చేసిచ్చాయి. పది రోజులు తిరక్కుండానే ఉత్పత్తి గాడిన పడింది.

మా సరఫరాదారు ఫోనే ఎత్తడం లేదు. ఎందుకెత్తుతాడు? ఏడాది పొడుగునా రేటు కోసి, బిల్లు నెలల తరబడి తొక్కిపెట్టి, ఇవాళ హఠాత్తుగా 'మీరు మా భాగస్వాములు' అంటే నవ్విపోడా?

ఇంకో సంగతి. 2011 జపాన్ భూకంపం తర్వాత టయోటాయే చిప్‌ల సరఫరాదారులను 2 నుంచి 6 నెలల నిల్వ ఉంచమంది. తమరి పుట్టింటివాళ్లే! ఈ ముచ్చట మావాళ్ల స్లైడుల్లో ఎక్కడా కనబడలేదు.

ఇక లెక్కకొద్దాం. ఆ డబ్బాడు సీళ్లు ఏడాదంతా ఉంచుకుంటే పడే వడ్డీ, చోటు ఖర్చు, పాడైపోయినవాటి నష్టం అన్నీ కలిపినా లైను ఆగిన మొదటి అరగంట నష్టానికి సరిపోవు. ఇప్పుడు సీలు విమానంలో తెప్పిస్తారట. ఆ బిల్లు రవాణా పద్దులో పడుతుంది. ఆగిన లైను ప్రొడక్షన్ వాళ్ల నెత్తిన పడుతుంది. ఇన్వెంటరీ పద్దు మాత్రం పచ్చగా ఉంటుంది, సన్మానం ఆ పద్దు చూసేవాడికి! సిగ్గుండాలయ్యా. పొదుపు చేయలేదు మీరు, ఖర్చుని పక్కవాడి జేబులోకి తోశారు.

చేతనైతే నీ భక్తులకి చెప్పు, ముందు సరఫరాదారు బిల్లు కట్టమని. తర్వాత నెల మధ్యలో ప్లాను మార్చడం మానమను. అందాకా నా స్టోర్స్ గడప తొక్కొద్దు.

ఇట్లు,
స్టోర్స్ ఇన్‌చార్జి