పైసా ఖర్చు లేని కవి

సాహిత్య పోషణ పేరుతో ప్రభుత్వాలు డబ్బు తగలేస్తున్నాయని బెంగపడేవారికి ఐర్లండ్ చరిత్రలో గొప్ప ఊరట ఉంది. అకాడమీలు వద్దు, శాలువాలు వద్దు, పింఛను అసలే వద్దు. చూపులేని ఒక మనిషిని ఫిడేలుతో సహా దారిన వదిలేసి, ఓ నూట అరవై ఏళ్లు ఓపిక పడితే చాలు.

ఆంటోనీ రాఫ్టరీ 1779 ప్రాంతంలో మేయో కౌంటీలోని కిల్లీడన్‌లో ఒక నేతగాడి ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే మశూచి చూపు తీసుకుపోయింది. ఊరి భూస్వామి కొంతకాలం చేరదీశాడు. ఆయన ముచ్చటపడి పెంచుకున్న గుర్రం రాఫ్టరీ మూలంగా చచ్చిందనీ, దాంతో వెళ్లగొట్టాడనీ ఒక కథ ఉంది. సాహిత్య పోషణ పద్దు కింద ఆ కవికి ముట్టింది అంతే. అందులోంచి గుర్రం ఖరీదు తీసేయాలి.

ఆ తర్వాత గాల్వే కౌంటీ పల్లెల్లో తిరుగుతూ, ఫిడేలు వాయిస్తూ, ఐరిష్ భాషలో పాటలు కట్టాడు. రాసుకునే వీలు లేదు కనుక కాగితం ఖర్చు కూడా మిగిలింది. పాటలను భద్రపరిచే ఉద్యోగం పల్లె జనమే జీతం లేకుండా చేసిపెట్టారు. 1828లో అన్నాడౌన్ నుంచి గాల్వే సంతకు జనంతో, గొర్రెలతో బయలుదేరిన పడవ కొరిబ్ సరస్సులో మునిగిపోయింది. గొర్రె కాలు పడి అడుగు చెక్కకు చిల్లు పడిందంటారు. 19 మంది పోయారు. రాఫ్టరీ వాళ్ల కోసం కట్టిన శోకగీతాన్ని ఇప్పటికీ పాడుతున్నారు. ఏ విచారణ సంఘం నివేదికకు ఇంత ఆయుష్షు ఉంది చెప్పండి? పైగా విచారణ సంఘానికి భత్యాలు ఇవ్వాలి.

ఈలోగా ఐర్లండ్‌ను ఏలుతున్న బ్రిటిష్ ప్రభుత్వం తన వంతు కృషి చేసింది. 1831లో జాతీయ పాఠశాలలు పెట్టి ఇంగ్లీషులో చదువు చెప్పించింది. కొన్నిచోట్ల పిల్లవాడి మెడలో కర్ర ముక్క కట్టేవారు. ఐరిష్ మాట నోరు జారినప్పుడల్లా దాని మీద ఒక గాటు, సాయంత్రం గాట్ల లెక్కన దెబ్బలు. భాషనూ కూడికలనూ ఒకే బెత్తంతో నేర్పే ఇంత పొదుపైన పద్ధతి మరొకటి లేదు.

రాఫ్టరీ 1835లో క్రిస్మస్ వేళ పోయాడు. పదేళ్లకు మహా కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పేదలే. కవి లేడు, శ్రోతలు తగ్గారు, భాష కొనఊపిరితో ఉంది. సాహిత్యాభిమానం మొలకెత్తడానికి నేల సిద్ధమైంది.

మొలకెత్తింది కూడా. 1900లో నాటక రచయిత్రి లేడీ గ్రెగరీ రాఫ్టరీ సమాధికి రాయి వేయించింది. 1903లో ఐరిష్ భాషా పండితుడు డగ్లస్ హైడ్ ఆయన పాటలు సేకరించి పుస్తకం వేశాడు. రాఫ్టరీ పొగిడిన అందగత్తె మేరీ హైన్స్‌ది బాలీలీ అనే ఊరు. అక్కడే ప్రఖ్యాత ఐరిష్ కవి యేట్స్ 35 పౌన్లకు పాత బురుజు కొనుక్కుని, ఆ అందగత్తెనూ ఆ కవినీ తన కవిత్వంలోకి తెచ్చుకున్నాడు. వీళ్లను తప్పుపట్టను. వీళ్లే లేకపోతే ఆ పాటల్లో ఎన్నో మట్టిలో కలిసేవి. కానీ పద్దు పద్దే.

1994లో ఐర్లండ్ కేంద్ర బ్యాంకు ఐదు పౌన్ల నోటు వేసింది. ముందువైపు క్యాథరిన్ మెకాలీ అనే సన్యాసిని. వెనకవైపు తరగతి గది, పిల్లలు, నల్లబల్ల మీద రాఫ్టరీ పేరుతో ప్రసిద్ధమైన పద్యం, ఐరిష్‌లోనే. మెడలో కర్ర ముక్క మాత్రం బొమ్మలో లేదు. ఆ పద్యం చివర కవి గోడకు వీపు ఆనించి ఖాళీ జేబులకు సంగీతం వినిపిస్తున్నానంటాడు. నోటు మీద మొదటి పంక్తులే వేశారు. కరెన్సీ మీద ఖాళీ జేబుల ప్రస్తావన ఆర్థిక వ్యవస్థకు క్షేమం కాదని ఎవరో బాధ్యత గల అధికారి ఆపి ఉంటాడని నా ఊహ.

అదే శ్రేణిలో యాభై పౌన్ల నోటు మీద డగ్లస్ హైడ్ ముఖం. అంతకు ముందు శ్రేణిలో ఇరవై పౌన్ల మీద యేట్స్. అంటే పాట కట్టినవాడికి ఐదు, అదీ నోటు వెనక. ఆ పాటలోని అందగత్తెను తలుచుకున్నవాడికి ఇరవై. పాటలు పోగుచేసినవాడికి యాభై. కవిత్వంలోకి రాదలచిన యువతీయువకులు ఈ వేతన శ్రేణులు చూసుకుని వృత్తి ఎంచుకోవడం మంచిది.

చిన్న లెక్క ఒకటి తేలలేదు. ఆ పద్యం అసలు రాఫ్టరీది కాకపోవచ్చనీ, 1882లో దాన్ని అమెరికాలో అచ్చుకిచ్చిన ఐరిష్ వలసదారుదే కావచ్చనీ కొందరు పరిశోధకులు అంటారు. అదే నిజమైతే ఆ ఐదు పౌన్లలోనూ మనవాడికి వాటా లేదు. వాటాల తగాదా ముదరకముందే, 2002లో యూరో వచ్చి పౌన్లను పక్కకు నెట్టింది. కొత్త నోట్ల మీద మనుషులకు బదులు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేని వంతెనల బొమ్మలు వేశారు. వాటిని ఎవరూ ఊళ్లోంచి వెళ్లగొట్టి ఉండరు, అరవై ఏళ్ల తర్వాత వాటికి ఎవరూ సమాధి రాయి వేయించనక్కర్లేదు.