ప్రాడాకో న్యాయం, మనకో న్యాయం

ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా దిగొచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమల కార్పొరేషన్లతో ఒప్పందం రాసుకుంది. అక్కడి పనివాళ్ల చేత 2,000 జతల కొల్హాపురి తరహా చెప్పులు చేయించి, జత సుమారు 800 యూరోలకు, అంటే మన లెక్కలో 80 వేల పైచిలుకు రూపాయలకు, తన షోరూముల్లో అమ్ముతుందట. సోషల్ మీడియాలో మనవాళ్లు చంకలు గుద్దుకుంటున్నారు. గుద్దుకోనివ్వండి, సంతోషపడాల్సిన విషయమే. కాని 'ఇది ఎవరి పనో ఎందుకు చెప్పలేదు' అని ప్రాడాను నిలదీసిన ప్రశ్ననే మన సినీతారలనూ మన డిజైనర్లనూ అడిగే దమ్ము మనకుందా? ఇన్నాళ్లుగా చూస్తున్నదాన్ని బట్టి లేదనే చెప్పాలి.

జరిగింది పాఠకులకు తెలిసిందే. 2025 జూన్ 22న మిలాన్ ర్యాంప్ మీద ప్రాడా మోడళ్లు తొడుక్కున్న చెప్పుల్ని కొల్హాపూర్‌లో చిన్నపిల్లాడైనా గుర్తుపట్టేవాడు. ప్రాడా మాత్రం 'తోలు చెప్పులు' అని రాసి ఊరుకుంది. గోల మొదలయ్యాక, మహారాష్ట్ర వాణిజ్య మండలి నుంచి లేఖ వెళ్లాక, భారతీయ సంప్రదాయ చెప్పులే స్ఫూర్తి అని ఒప్పుకుంది. పాపం, తెలియక చేశారని సరిపెట్టుకోవడానికీ లేదు. ఇదే కంపెనీ 2010లో మన లక్నో చికన్‌కారీ కుట్టుపని బట్టల మీద 'ప్రాడా మేడ్ ఇన్ ఇండియా' అని లేబుల్ వేసి మరీ అమ్మింది. పేరు పెట్టడం చేతనైన కంపెనీయే ఈసారి పేరు ఎగ్గొట్టింది. అందుకే జనానికి వచ్చిన కోపాన్ని మేం తప్పుపట్టం.

ఆ చెప్పు తయారీ చూసినవాళ్లకు కోపం ఇంకాస్త ఎక్కువే వస్తుంది. తుమ్మ బెరడు, కరక్కాయ వేసిన నీళ్లలో తోలును పదును చేయడమే రోజుల తరబడి సాగే పని. అడుగుభాగాన్ని పొరలుగా కోసి, తోలు తాడుతోనే కుడతారు. అసలైన కొల్హాపురిలో మేకు కనబడదు. పైన ఉండే సన్నటి జడలు చాలా ఇళ్లలో ఆడవాళ్లే అల్లుతారు. కాపశీ, పాయతాణ్, కచ్‌కడీ అంటూ రకానికో పేరు. ఇంతా చేస్తే స్థానిక బజార్లో ఆ జత పలికేది సాధారణంగా వందల్లో. బాగా ముచ్చటగా చేసింది ఏ వేలో పలికితే గొప్ప.

ఇక చట్టం సంగతి. 2019లో కొల్హాపురి చెప్పుకు భౌగోళిక గుర్తింపు, అందరూ జీఐ ట్యాగ్ అనేది, దక్కింది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలకు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు ఆ హక్కు ఉంది. ఈ ఎనిమిది జిల్లాల అవతల చేసిన చెప్పును కొల్హాపురి అని అమ్మితే చట్టం ఊరుకోదు. అదే చెప్పును ఆకారం, అల్లిక చెదరకుండా దించేసి, కొల్హాపురి అన్న మాట మాత్రం ఎత్తకుండా అమ్మితే? చట్టం దాదాపు చేతులెత్తేస్తుంది. జీఐ కాపాడేది ప్రధానంగా పేరునే, నమూనాను కాదు. పేరు వాడుకున్నవాడు దొంగ, పేరు దాచినవాడు దొర! పైగా 1999 నాటి ఈ చట్టం మన సరిహద్దు దాటదు. ప్రాడాపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బాంబే హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. జీఐ తమ పేర నమోదు చేయించుకున్న సంస్థలు రావాలి గాని, మధ్యలో మీకేం హక్కుందని పిటిషనర్లను అడిగింది.

అంటే పనివాడి పేరు చెప్పడం ఇవాళ పూర్తిగా మర్యాదకు సంబంధించిన విషయం. చట్టం బలవంతపెట్టదు. ఆ మర్యాదనే ప్రాడాకు ముక్కు పిండి నేర్పించాం. మరి మన ఇంట్లో?

ఏ తార పెళ్లి ఫొటోనైనా ఇన్‌స్టాగ్రామ్‌లో తెరిచి, కింద రాసింది ఓపిగ్గా చదవండి. దుస్తులు ఫలానా డిజైనర్‌వి. స్టయిలింగ్ ఫలానా. నగలు ఫలానా షోరూమ్‌వి. జుట్టు దువ్వినవాళ్లు, మేకప్ వేసినవాళ్లు, గోరింటాకు పెట్టినవాళ్లు, పూల పందిరి వేసినవాళ్లు, ఫొటో తీసినవాళ్లు, డ్రోన్ ఎగరేసినవాళ్లు అందరికీ తలా ఒక ట్యాగ్. చీర నేసినవాళ్లు? వెతకండి. మహా అయితే 'హ్యాండ్‌లూమ్' అన్న మాట ఒకటి దొరుకుతుంది, పక్కన ఒక దండం ఎమోజీ. మగ్గం తనంతట తానే ఆడి చీర రాల్చినట్టు.

న్యూయార్క్‌లో ఏటా జరిగే ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకు 2024లో ఆలియా భట్ కట్టుకెళ్లిన, డిజైనర్ సబ్యసాచి చేసిన చీర వెనక 163 మంది, 1,965 పనిగంటల శ్రమ ఉందని చెప్పారు. చెప్పినందుకు మెచ్చుకోవాల్సిందే. చాలామంది ఆపాటి కూడా చెప్పరు. కాని 163 అనేది ఒక అంకె. గంటలు లెక్కపెట్టినట్టే మనుషుల్నీ లెక్కపెట్టారు. ఆ రాత్రి ప్రపంచమంతా పలికింది కట్టినామె పేరు, గీసినాయన పేరు. ఎంబ్రాయిడరీ చేసినవాళ్లు, రంగులద్దినవాళ్లు 163లో కలిసిపోయారు. ప్రాడా ఊరి పేరు దాస్తే అన్యాయం అయినప్పుడు, మనవాళ్లు మనుషుల పేర్లు దాస్తే గౌరవం ఎలా అయింది?

అదే సబ్యసాచి 2021లో స్వీడన్ బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్‌తో కలిసి బట్టలు తెచ్చినప్పుడు దేశంలోని చేతివృత్తుల సంఘాలు బహిరంగ లేఖ రాశాయి. చూడ్డానికి మన అచ్చుపని అందమంతా ఉంది, ఆ పని మాత్రం మన అచ్చుపనివాళ్ల చేతికి రాలేదన్నది వాళ్ల బాధ. 9,999 రూపాయల చీర చూస్తూ చూస్తుండగానే అయిపోయింది. భారతీయ డిజైన్‌ను ప్రపంచానికి అందిస్తున్నానని ఆయన వివరణ ఇచ్చారు, కథ ముగిసింది. అప్పుడు ఎవరూ వీధికెక్కలేదు. ఎవరి దేశభక్తికీ దెబ్బ తగల్లేదు. తీసుకున్నది మనవాడైతే 'రీచ్', పరాయివాడైతే 'దోపిడీ'. ఈ రెండు నాల్కల తీరే మాకు మింగుడుపడనిది.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, పేర్లు వేయడం ఎలాగో సినిమావాళ్లకు మనం నేర్పాల్సిన పనిలేదు. ఏ సినిమా అయినా అయిపోయాక తెర మీద పేర్లు దొర్లుతూనే ఉంటాయి. లైట్‌మన్, డ్రైవర్, ప్రొడక్షన్ బాయ్, గ్రాఫిక్స్‌లో ఏ మూలో పనిచేసిన కుర్రాడు, అందరూ ఉంటారు. జనం లేచి పోతున్నా సరే, వేస్తారు. అది ఆ పరిశ్రమకున్న సంస్కారం. వందల పేర్లు వేయగల పరిశ్రమ నుంచి వచ్చిన మనిషికి, తను కట్టుకున్న చీర మీద పనిచేసిన నలుగురైదుగురి పేర్లు రాయడానికి చోటు చాలలేదంటే నమ్మాలా?

ఆ నలుగురైదుగురు ఏం చేస్తారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, మరిచిపోయినట్టున్నాం కాబట్టి ఒకసారి చెబుతాం. పోచంపల్లి ఇక్కత్‌కు మగ్గం ఎక్కకముందే సగం పని. అందులో ఒకటి ఆసు పోయడం. అర్ధచంద్రంలా కొట్టిన మేకుల మీదుగా దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజం పట్టేసి తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. తర్వాత చిటికి కట్టాలి, అంటే డిజైన్ ప్రకారం పోగులకు కట్లు వేయాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. పోగు ఒక్కటి జరిగితే డిజైన్ చెదిరిపోతుంది. ఆ చీర కట్టుకున్న తార 'పోచంపల్లి లవ్' అని రాసి, డిజైనర్‌ను ట్యాగ్ చేస్తుంది. ఇక మిల్లు గుడ్డ మీద చిటికి బొమ్మను ప్రింటు కొట్టి 'ఇక్కత్ ప్రింట్' అని అమ్మేవాళ్లు, స్క్రీన్ ప్రింటును కలంకారీగా చలామణి చేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. పోచంపల్లికి జీఐ వచ్చి 20 ఏళ్లయింది. పెడన కలంకారీకీ జీఐ ఉంది. ఆ నకిలీ గుడ్డలు కట్టి తారలు ఫంక్షన్లకు వస్తే మనం గుండె గుర్తులు కొడుతున్నాం. మిలాన్ మీద చూపిన రోషంలో పదో వంతు ఇక్కడ చూపించామా?

కొల్హాపురి విషయంలో ఇంకో మాట కూడా అనాలి, కాస్త చేదుగా ఉంటుంది. ప్రాడా ఒప్పందం రాసుకున్న కార్పొరేషన్లలో ఒకటి చెప్పులు కుట్టే కులంలో పుట్టిన భక్తకవి సంత్ రోహిదాస్ పేరు మీద ఉంది, ఇంకొకటి దళిత నాయకుడు బాబూ జగ్జీవన్‌రాం పేరు మీద. ఆ పని తరతరాలుగా ఏ కులాల చేతుల్లో ఉందో ఇంతకన్నా వివరం అక్కర్లేదు. చెప్పులు కుట్టేవాణ్ని ఊరి చివర ఉంచిన సమాజం, చెప్పులు కుట్టుకో అనడాన్ని ఇప్పటికీ తిట్టుగా వాడుతున్న సమాజం, ఆ చెప్పు మిలాన్ ఎక్కగానే 'మన సంస్కృతి' అంటూ రొమ్ము విరిచింది. చెప్పు మనదైంది సరే. కుట్టినవాడు మనవాడు ఎప్పుడయ్యాడు? కుట్టినవాళ్ల పేర్లు చెప్పండని ఆ గోలలో అడిగిన గొంతులు బహు తక్కువ. ప్రాడా మీద కోపంలో సగం ఆ పనివాళ్ల కోసం కాదనీ, పరాయివాడు మన వస్తువు ముట్టుకున్నాడన్న ఉక్రోషమనీ అనుకోవడానికి ఈ ఒక్కటి చాలు.

నాలుగో చేనేత గణన, 2019-20లో జరిగింది, ఏం చెప్పిందో చూడండి. దేశంలో చేనేత, దాని అనుబంధ పనులు చేసేవాళ్లు 35 లక్షల పైనే. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండొంతులకు నెల ఆదాయం 5 వేల రూపాయల లోపే. పేరు వేసినంత మాత్రాన కడుపు నిండుతుందా అని అడగొచ్చు. నిండదు. కాని పేరు తెలిస్తే ఫోన్ నంబరు దొరుకుతుంది, ఆర్డరు నేరుగా వస్తుంది, ఈ ధరకు కుదరదని చెప్పే ధైర్యం వస్తుంది. మధ్యవాళ్లకు రుచించనిది సరిగ్గా ఇదే.

ఫ్యాషన్ అంటేనే ఇచ్చిపుచ్చుకోవడమనీ, పేర్లు బయటపెడితే పోటీ డిజైనర్లు పనివాళ్లను ఎగరేసుకుపోతారనీ కొందరు డిజైనర్లు వాదిస్తారు. ఎగరేసుకుపోతే పనివాడికి కూలి పెరుగుతుంది. ఇక భయం ఎవరి కోసమో విడమరిచి చెప్పాలా?

చేయదలచుకుంటే కుదురుతుంది. 2023 మార్చిలో డియోర్ ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన పెట్టినప్పుడు, ఎంబ్రాయిడరీ చేసిన చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్ పేరు అందరికీ వినబడేలా చెప్పింది. అది సంస్థ పేరే, మనుషుల పేర్లు కావు. అయినా ఒక మెట్టు నయం. ఒక ఫ్రెంచి కంపెనీ చేసిన ఆ పాటి పని కూడా మన డిజైనర్లలో ఎక్కువమందికి చేతకావడంలేదు.

మహారాష్ట్ర, కర్ణాటక కార్పొరేషన్లు ఇప్పుడైనా ఒక పని చేయాలి. ఆ 2,000 జతల్లో ప్రతి జత వెంట కుట్టినవాళ్ల పేరు, ఊరు వెళ్లాలని పట్టుబట్టాలి. ప్రాడా కాదంటే అప్పుడు మళ్లీ గోల చేద్దాం, మేమూ కలుస్తాం. చేనేత ప్రచారానికి తారల్ని పిలిచే మన ప్రభుత్వాలు కూడా నేసినవారి పేరు లేకుండా ఫొటో పెట్టకూడదని ఒక షరతు రాసుకోవాలి. ఒక్క రూపాయి ఖర్చులేని షరతు. దానికీ కమిటీలు వేస్తామంటే ఇక చేసేదేం లేదు.

ఏటా ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు చీర కొంగు పట్టుకుని, మగ్గం పక్కన నవ్వుతూ నిలబడే సినీ ప్రముఖులకు మేం చెప్పేది ఒకటే. ప్రాడాను తిట్టడానికి మీకు రెండు నిమిషాలు పట్టింది. మీరు కట్టుకున్నది ఎవరు నేశారో కనుక్కోవడానికి డిజైనర్‌కు ఒక ఫోన్ చేస్తే చాలు. ఆ ఫోన్ చేసే తీరిక లేకపోతే, ఈసారి ఆ ఫొటో పెట్టకండి.